మెరిసే హెడ్డుకు వెల కట్టేముందు

సంతలో ఎద్దును కొనే రైతు ముందు పళ్లు చూస్తాడు. తర్వాత నాలుగడుగులు నడిపిస్తాడు, వీలైతే కాడి కట్టి చూస్తాడు. అమ్మేవాడు "ఇది పోయినేడు పందెంలో గెలిచిన ఎద్దు" అని ఎంత చెప్పినా పళ్లు చూడడం మాత్రం మానడు. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివే మనం, వాడిన పోర్టెడ్ సిలిండర్ హెడ్డు కొనేటప్పుడు ఏం చేస్తున్నాం? ఫోన్‌కి వచ్చిన నాలుగు ఫొటోలు చూస్తాం. పోర్టు లోపల అద్దంలా మెరుస్తోందని మురిసిపోతాం. అందరి జేబుల్లోంచి పోగుచేసిన డబ్బు అడ్వాన్సుగా పంపేస్తాం. నీళ్లలో ఉన్న గేదెకు బేరమాడడం అంటే ఇదే.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. కొలిచి చూపించనంతవరకు, వాడిన హెడ్డులో చేసిన పోర్టింగ్ విలువ సున్నా. కాస్టింగుకు ఎంత విలువుందో అంత ఇవ్వండి, అందులోంచి రిపేర్ల ఖర్చు తీసేయండి. పోర్టింగ్ పేరు చెప్పి అడిగే అదనపు డబ్బు, కొలత చేతికి వచ్చాకే మాట్లాడండి. ఇది పిసినారితనం అని కొందరు సీనియర్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో చెప్తాను.

సీఎస్‌ఈ మిత్రులు పేజీ తిప్పేయకుండా ముందు రెండు ముక్కలు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో సిలిండర్ మీద కూర్చునే భాగమే హెడ్డు. గాలీ పెట్రోలూ లోపలికి రావాలన్నా, కాలిన పొగ బయటికి పోవాలన్నా ఇందులోని దారుల్లోంచే. ఆ దారులే పోర్టులు. హెడ్డును ఇసుక అచ్చులో పోతపోస్తారు కాబట్టి దారి గోడలు గరుకుగా ఉంటాయి, అచ్చు ఒక వెంట్రుకవాసి జరిగితే ఒక పోర్టు ఇంకో పోర్టులా ఉండదు. వాల్వ్ సీటు కింద, మెషిన్ చేసిన చోటు పోతపోసిన చోటును కలిసే దగ్గర చిన్న మెట్టు కూడా మిగులుతుంది. కార్బైడ్ బర్ తగిలించిన చేతి గ్రైండరుతో ఆ మెట్టు తీసి, మలుపు సరిచేసి, గాలికి దారి సుఖంగా చెయ్యడాన్ని పోర్టింగ్ అంటారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: గ్రైండరు లోహాన్ని తీసేయగలదు గానీ తిరిగి పెట్టలేదు. బాగా చేసిన పనికీ, పాడుచేసిన పనికీ ఫొటోలో తేడా తెలియదు. రెండూ మెరుస్తాయి.

ఇంకో స్పష్టత. మన ఊళ్లలో "పోర్టింగ్" అనగానే అందరికీ యమహా ఆర్‌ఎక్స్ 100 గుర్తొస్తుంది. అది రెండు స్ట్రోకుల ఇంజను. దాని పోర్టులు సిలిండర్ గోడలోనే ఉంటాయి, హెడ్డు దాదాపు ఒక మూత మాత్రమే. కాబట్టి ఆర్‌ఎక్స్ బ్యారెల్ గురించి మన గల్లీ మేస్త్రి చెప్పే లెక్కలు నాలుగు స్ట్రోకుల హెడ్డుకు అతకవు. నేను మాట్లాడేది వాల్వులున్న హెడ్డు గురించి.

బజారు పుట్టిల్లు

వాడిన పోర్టెడ్ హెడ్ల బజారుకు పుట్టిల్లు అమెరికా. 1955లో వచ్చిన షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 అక్కడి కుర్రాళ్లకు, మనవాళ్లకు ఆర్‌ఎక్స్ ఎలాగో అలాంటిది. దాని పోత ఇనుప హెడ్లలో కొన్నింటి అంచున ఒంటె మూపురాల్లాంటి రెండు బొడిపెలు ఉంటాయి. అందుకే వాటిని "డబుల్ హంప్" హెడ్లు అంటారు. కాస్టింగ్ నంబరు చివర 461, 462, 186 ఉన్నవి పేరుమోసినవి. 1960ల నాటి ఆ హెడ్లు యజమానులు మారుతూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఒక్కోదాన్ని ఎంతమంది అరగదీశారో, ఎన్నిసార్లు ఫేసింగ్ కొట్టించారో, ఎన్నిసార్లు సీట్లు కోశారో ఆ హెడ్డుకే తెలియాలి. పైగా అవి సీసం కలిపిన పెట్రోలు కాలంలో పుట్టినవి. సీసం లేని పెట్రోలుతో గట్టిగా నడిపితే, గట్టిపరచని ఎగ్జాస్ట్ సీటు అరిగి వాల్వు లోపలికి కుంగిపోతుంది.

అక్కడివాళ్లు ఈ అనుభవం నుంచి ఒక తెలివి నేర్చుకున్నారు. పాత ఇనుప హెడ్డును మళ్లీ సరిచేయించే ఖర్చు మొత్తం కూడితే, చాలాసార్లు కొత్త అల్యూమినియం హెడ్డు కొనడమే నయమవుతుంది. స్మాల్ బ్లాకుకు కొత్త హెడ్లు చేసే కంపెనీలు బోలెడు ఉన్నాయి కాబట్టి వాళ్లకు ఆ దారి ఉంది. మనకు? మారుతి ఎస్టీమ్‌లో, జిప్సీలో వచ్చిన జీ13బీ ఇంజనుకు గానీ, ఫార్ములా స్టూడెంట్ జట్లు చాలా వాడే కేటీఎం 390కి గానీ అంత సులువుగా కొత్త రేసింగ్ హెడ్డు దొరకదు. చేతులు మారినదే దిక్కు. వేరే దారి లేనివాడు ఎక్కువ జాగ్రత్తగా కొనాలి కదా? మనం తిరగేసి చేస్తున్నాం. దొరకడమే అదృష్టమని చూడకుండా కొంటున్నాం.

పెద్ద దారి, నెమ్మది గాలి

అమ్మేవాళ్లు మొదట చెప్పే మాట: "పోర్టు బాగా పెద్దది చేశాం బ్రదర్." ఇది విని సంతోషించే ముందు ఒక లెక్క వేద్దాం.

పోర్టులో గాలి సగటు వేగం తెలియాలంటే, పిస్టన్ సగటు వేగాన్ని బోరు వైశాల్యంతో గుణించి పోర్టు వైశాల్యంతో భాగిస్తే చాలు. జీ13బీ బోరు 74 మి.మీ., స్ట్రోకు 75.5 మి.మీ. నిమిషానికి 6000 చుట్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 15.1 మీటర్లు. పోర్టు 28 మి.మీ. వ్యాసం ఉందనుకుందాం. గాలి వేగం సుమారు 105 మీటర్లు వస్తుంది. ఎవరో ఉత్సాహవంతుడు దాన్ని 32 మి.మీ. చేశాడు. ఇప్పుడు సుమారు 81 మీటర్లు. వ్యాసంలో పెరిగింది 4 మి.మీ. మాత్రమే, వేగంలో పోయింది 23 శాతం. 3000 చుట్ల దగ్గరైతే అది 40కి పడిపోతుంది.

వేగం పోతే ఏమవుతుంది? ఇన్‌టేక్ వాల్వు మూసుకునే లోపు పిస్టన్ అప్పటికే పైకి బయల్దేరి ఉంటుంది. ఆ సమయంలో కూడా గాలి లోపలికి దూసుకురావాలంటే దానికి ఊపు ఉండాలి. నెమ్మది గాలికి ఆ ఊపు ఉండదు, వచ్చిన గాలే వెనక్కి తన్నుకుపోతుంది. పెట్రోలు తుంపర కూడా గోడలకు అంటుకుని కారుతుంది. బండి కింది చుట్లలో నీరసంగా, పైచుట్లలో మాత్రమే బతికున్నట్టు నడుస్తుంది. అలాగని దారి మరీ ఇరుకైతే ఇంకో తంటా. ఎంఐటీ ప్రొఫెసర్ సి. ఫాయెట్ టేలర్ చూపించిన ఇన్‌లెట్ మాక్ ఇండెక్స్ మన ఐసీ ఇంజన్స్ పేపరులోనే వస్తుంది. అది సుమారు 0.6 దాటితే ఇంజను ఊపిరి తీసుకునే సామర్థ్యం గబగబా పడిపోతుంది. అంటే "మంచి హెడ్డు" అనేది ఒంటరిగా ఉండదు. ఫలానా ఇంజనుకు, ఫలానా క్యామ్‌కు, ఫలానా చుట్లకు మంచి హెడ్డు అని ఉంటుంది. ఏ బండిలోంచి తీశారు, ఏ క్యామ్‌తో నడిచింది, ఎన్ని చుట్ల దాకా తిప్పారు అని అడిగితే జవాబు రాని హెడ్డు, చిరునామా లేని ఉత్తరం.

మెరుపు సంగతి కూడా తేల్చేద్దాం. ఇన్‌టేక్ పోర్టును అద్దంలా పాలిష్ చెయ్యడం వల్ల ప్రవాహం చెప్పుకోదగ్గంత పెరగదు. పెట్రోలు కలిసి వచ్చే దారి కొంచెం గరుకుగా, 60, 80 నంబరు ఎమరీ కొట్టినట్టుంటేనే నయం. ఎగ్జాస్టులో నునుపు వల్ల మసి తక్కువ పడుతుంది, అంతే. నిజమైన లాభం ఉండేది సీటుకు వెంటనే కింద ఉన్న గిన్నెలాంటి చోట, పోర్టు లోపలి మలుపు దగ్గర, సీటు కోతలో. కొనేవాడి కన్ను మెరుపు మీద పడుతుందని అమ్మేవాడికి తెలుసు. కాబట్టి మెరుపును చూపిస్తాడు, సీటును చూపించడు. పైన పటారం, లోన లొటారం అన్న మాట పుట్టింది హెడ్ల కోసం కాకపోయినా, బాగానే సరిపోతుంది.

ఫ్లో షీటు కూడా సాక్ష్యం కాదు

"మా దగ్గర ఫ్లో షీటు ఉంది" అంటారు కొందరు. మంచిదే. అయినా ఆ కాగితాన్ని నాలుగు ప్రశ్నలు అడగాలి.

మొదటిది, ఎంత ఒత్తిడి తేడా దగ్గర కొలిచారు? ఎక్కువమంది వాడేది 28 అంగుళాల నీటి మట్టం, అంటే దాదాపు 7 కిలోపాస్కల్స్. కొన్ని బెంచీల మీద 10 అంగుళాల దగ్గరే కొలుస్తారు. ప్రవాహం ఒత్తిడి వర్గమూలంతో మారుతుంది కాబట్టి 10 దగ్గర 150 సీఎఫ్‌ఎం వచ్చిన పోర్టు 28 దగ్గర 251 చూపిస్తుంది. ఒకే హెడ్డు, రెండు అంకెలు, అబద్ధం ఎవరూ చెప్పలేదు. ఒత్తిడి రాయని షీటు చిత్తుకాగితంతో సమానం.

రెండోది, ఏ లిఫ్టుల దగ్గర? అన్నిటికన్నా పెద్ద అంకె ఒక్కటే చెప్తే ఉపయోగం లేదు. వాల్వు చుట్టూ గాలి దూరే సందు వైశాల్యం, వాల్వు వ్యాసాన్నీ లిఫ్టునూ పైతో గుణిస్తే వస్తుంది. లిఫ్టు వ్యాసంలో నాలుగో వంతుకు చేరినప్పుడు ఆ సందు వాల్వు వైశాల్యంతో సమానమవుతుంది. 32 మి.మీ. వాల్వుకు అది 8 మి.మీ. అంతకన్నా కింద సీటు కోణాలదే రాజ్యం, దాని పైన పోర్టు ఆకారం మాట చెల్లుతుంది. మీ క్యామ్ 8 మి.మీ. లిఫ్టే ఇస్తుంటే 12 మి.మీ. దగ్గర వచ్చే గొప్ప అంకె మీకెందుకు? ఇంజను ఎప్పుడూ వెళ్లని ఊరి అడ్రసు అది.

మూడోది, ఏ బోరు మీద పెట్టి కొలిచారు, పోర్టు నోటికి మట్టితో గుండ్రటి అంచు పెట్టారా లేదా? పెద్ద బోరు మీద కొలిస్తే సిలిండర్ గోడ అడ్డం తగ్గి అంకె పెరుగుతుంది. నాలుగోది, అన్ని పోర్టులూ కొలిచారా, బాగా వచ్చిన ఒక్కటేనా? నాలుగు సిలిండర్లలో ఒకటి తక్కువ పీలిస్తే ఆ ఒక్కటే మొత్తం ట్యూనింగును కుంటిదాన్ని చేస్తుంది.

అన్నిటికన్నా నమ్మదగ్గ పద్ధతి పోల్చడం. అదే బెంచీ మీద, అదే రోజు, పక్కన మామూలు కంపెనీ హెడ్డు పెట్టి కొలవాలి. బెంచీ తప్పు చూపిస్తే రెండింటికీ ఒకే తప్పు చూపిస్తుంది, తేడా మాత్రం నిజమే చెప్తుంది.

చెయ్యాల్సిన వరుస

పరీక్షలకు డబ్బు ఎక్కడిదంటారా? ఖర్చు లేనివాటితో మొదలుపెడదాం. ఏదో ఒక చోట హెడ్డు ఫెయిలైతే మిగతావి చెయ్యక్కర్లేదు, డబ్బు మిగులుతుంది.

ముందు కళ్లూ, టార్చీ. పోర్టు లోపల రంగు మారిన మచ్చ ఉందా? వేలితో తడిమితే లోహం కాకుండా ఇంకేదో తగులుతోందా? గ్రైండరు వాటర్ జాకెట్‌లోకి దూసుకుపోతే కొందరు ఎపాక్సీ పూసి సర్దేస్తారు. సీట్ల మధ్య, సీటుకూ స్పార్క్ ప్లగ్ రంధ్రానికీ మధ్య వెంట్రుకలాంటి గీత ఉందేమో చూడాలి.

తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్. కింది ముఖాన్ని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా చూడాలి. చిన్న అల్యూమినియం హెడ్లకు మాన్యువల్ ఇచ్చే హద్దు చాలావరకు 0.05 మి.మీ. దగ్గర ఉంటుంది. సమంగా ఉంటే సంతోషించి ఆగిపోకూడదు, హెడ్డు మందం కూడా కొలవాలి. పదే పదే ఫేసింగ్ కొట్టి సమం చేసి ఉండొచ్చు. క్యామ్ పైన ఉండే ఇంజనుల్లో హెడ్డు తగ్గితే క్యామ్ క్రాంకుకు దగ్గరై టైమింగ్ వెనక్కి పోతుంది, పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య ఖాళీ తగ్గుతుంది. ఇంకో సంగతి: వేడెక్కి వంగిన హెడ్డుకు కింద ఫేసింగ్ కొడితే కింది ముఖం సరవుతుంది, పైన క్యామ్ కూర్చునే వరుస వంకరగానే మిగిలిపోతుంది. క్యామ్ పెట్టి చేత్తో తిప్పితే పట్టేస్తోందా అన్నది రూపాయి ఖర్చు లేని పరీక్ష. చాలామంది ఇది చెయ్యరు.

మూడోది, ఛాంబరు ఘనపరిమాణం. గాజుపలకకు గ్రీజు రాసి ఛాంబరు మీద అంటించి, బ్యూరెట్‌తో రంగునీళ్లు నింపడమే. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్ చేసిన ప్రతివాడూ చెయ్యగలడు. జీ13బీలో ఒక సిలిండర్ తుడిచే ఘనపరిమాణం సుమారు 324.7 సీసీ. కంప్రెషన్ 9 కావాలంటే పైన మిగలాల్సింది 40.6 సీసీ. ఫేసింగుల్లో 3 సీసీ పోతే అది 9.6కు చేరుతుంది. ఆ తేడా మీకు కావాల్సిందే అయితే సరే, తెలియకుండా వస్తే మాత్రం నాకింగ్.

నాలుగోది, వాల్వులు. సీట్లు ఎన్నిసార్లు కోశారో వాల్వు ఎంత లోతుకు దిగిందో చూస్తే తెలుస్తుంది. వాల్వు కుంగితే స్ప్రింగు పట్టు సడలుతుంది. కాండాన్ని గైడులో అటూ ఇటూ ఊపి చూసి, అనుమానం వస్తే డయల్ గేజితో కొలవాలి. గైడు అరిగిన హెడ్డుకు ఎంత అందమైన సీటు కోసినా నిలవదు. గొంతు వ్యాసం, అంటే సీటు కింద ఇరుకైన చోటు, వాల్వు వ్యాసంలో 85 నుంచి 90 శాతం మధ్య ఉండడం మామూలు. 90 దాటితే సీటుకు ఆధారం తక్కువైందని అర్థం. ఛాంబరులో కిరోసిన్ పోసి పోర్టుల్లోకి కారుతోందా చూడడం ఆటోనగర్‌లో ప్రతి కుర్రాడికీ తెలిసిన విద్యే.

ఆఖరున పగుళ్ల పరీక్ష. అల్యూమినియానికి అయస్కాంతం పనిచెయ్యదు, కాబట్టి ఇనుప హెడ్లకు చేసే మాగ్నెటిక్ పరీక్ష ఇక్కడ కుదరదు. డై పెనెట్రెంట్ కావాలి. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే పగులున్న చోట ఎర్రగీత పైకి తేలుతుంది. వాటర్ జాకెట్ రంధ్రాలు మూసి, గాలి ఎక్కించి, వేడినీళ్లలో ముంచి బుడగలు చూడడం దీనికి జోడీ.

పోయినేడు మా జట్టుకు ఒక ట్యూనర్ దగ్గర నుంచి 390 హెడ్డు బేరానికి వచ్చింది. డబ్బు ఇచ్చేముందు కాలేజీ ల్యాబులో చూస్తామని అడిగాం. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. పోర్టు పని నిజంగా చక్కగా ఉంది, మలుపు చూస్తే అనుభవమున్న చెయ్యి అని తెలుస్తోంది. డెవలపర్ చల్లిన కాసేపటికి రెండు ఎగ్జాస్ట్ సీట్ల మధ్య సన్నటి ఎర్రగీత లేచింది. ఆయన దాన్ని చాలాసేపు వంగి చూశాడు. అతను మోసగాడు కాదు. ఆ పగులు సంగతి అతనికీ తెలియదు. ఫార్ములా స్టూడెంట్ ఎండ్యూరెన్స్ రేసు సుమారు 22 కిలోమీటర్లు. ఆ గీత అందులో ఎక్కడో ఒకచోట తెరుచుకుని ఉంటే కూలెంట్ సిలిండర్‌లోకి దిగేది, ఏడాది పని అక్కడితో ముగిసేది. కొలత ఆ రోజు మమ్మల్నే కాదు, అతని పేరును కూడా కాపాడింది. ఆ హెడ్డు మాకు అమ్మి ఉంటే రేపు మేం ఊరంతా తిట్టుకునేది అతన్నే.

అందుకే "కొలుస్తాం" అనడం అవమానం కాదని నేనంటాను. పదో తరగతి దాటకపోయినా చేతివేళ్లతో పోర్టు ఆకారం చెప్పగలిగే మేస్త్రులు మన ఆటోనగర్లలో ఉన్నారు. వాళ్ల ముందు మన సీజీపీఏ ఎందుకూ కొరగాదు. కానీ ఆ నైపుణ్యం గురించి గాల్లో మాటలు చెప్పడం కన్నా, కొలిచి కాగితం మీద పెట్టడమే దానికిచ్చే గౌరవం. కొలత లేని బజారులో మంచి పనివాడికీ, ఊరికే పాలిష్ కొట్టినవాడికీ ఒకే ధర పలుకుతుంది. నష్టపోయేది మంచి పనివాడే.

అసలు మనకు అవసరమా?

ఫార్ములా స్టూడెంట్ మిత్రులు ఈ ప్రశ్న ముందే వేసుకోవాలి. నిబంధనల ప్రకారం ఇంజను 710 సీసీ దాటకూడదు, ఇంజనుకు వెళ్లే గాలంతా 20 మి.మీ. రెస్ట్రిక్టర్ గుండానే పోవాలి. ఆ రంధ్రంలో గాలి ధ్వని వేగాన్ని అందుకున్నాక ఇంకెంత పీల్చినా ఎక్కువ రాదు. లెక్క కడితే ఆదర్శ పరిస్థితుల్లో హద్దు సెకనుకు సుమారు 74 గ్రాములు. 600 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను 12,000 చుట్ల దగ్గర నిండుగా పీలిస్తే దాదాపు 71 గ్రాములు అడుగుతుంది. అంటే హద్దుకు చేరిపోయినట్టే. ఆ పైన ఎంత గొప్ప హెడ్డు పెట్టినా, ఇరుకు గుమ్మం వెనక పెద్ద హాలు కట్టినట్టు.

373 సీసీ 390 ఇంజను 9000 చుట్ల దగ్గర సగటున 33 గ్రాములే అడుగుతుంది. ఒకే సిలిండరు కాబట్టి గాలిని కుదుపులు కుదుపులుగా లాగుతుంది. ఆ కుదుపును మింగేలా ప్లీనమ్ చెయ్యడంలో, మ్యాపింగ్‌లో దొరికే లాభం ముందు తీసుకోండి. మన ట్రాకులన్నీ మలుపులే, కింది చుట్లలో లాగే బండి కావాలి. దానికి కావాల్సింది పెద్ద పోర్టు కాదు, వేగం చావని పోర్టు, శుభ్రమైన సీటు కోత. ఇక బాహా జట్లకు ఈ గొడవే లేదు, అక్కడ ఇంజను విప్పడానికే వీల్లేదు.

"ఇంత చేస్తే ఎవరమ్ముతారు?"

ఈ వాదన నాకు తెలుసు. "ఇన్ని ప్రశ్నలు వేస్తే అమ్మేవాడు ఇంకొకరికి అమ్మేస్తాడు. వాడిన సరుకు దొరక్కపోతే మనలాంటి బీద జట్లు రేసింగ్ మాటే మర్చిపోవాలి." ఇందులో నిజం ఉంది. వాడిన హెడ్డు మంచిదైతే అంతకన్నా లాభసాటి బేరం లేదు. ఒకరి శ్రమకు, ఒకరి ప్రయోగాలకు అయిన ఖర్చు మనం మోయక్కర్లేదు. నేను వాడినవి కొనొద్దు అనడంలేదు. సరిగ్గా బీదవాళ్లం కాబట్టే కొలవాలంటున్నాను. డబ్బున్నవాడు ఒక హెడ్డు పోతే ఇంకోటి తెస్తాడు. మనకు రెండోది ఉండదు.

ధర ఇలా కట్టండి. మామూలు కాస్టింగ్ ఎంతకు దొరుకుతుందో అది మొదటి అంకె. అందులోంచి గైడ్లు, సీట్లు, వాల్వులు, స్ప్రింగులు, ఫేసింగ్, ప్రెషర్ టెస్ట్, ఏవి అవసరమో వాటి ఖర్చు లేత్ షాపులో అడిగి తీసేయండి. పరీక్షకు ఒప్పుకోని హెడ్డుకైతే ఇవన్నీ అవసరమనే లెక్క. కొలిచాక, మీ క్యామ్ లిఫ్టు వరకు, మామూలు హెడ్డు కన్నా ప్రవాహం పెరిగి, వేగం తగ్గకపోతే అప్పుడు పోర్టింగ్‌కు మనసారా డబ్బివ్వండి. బేరం కూడా ఆడొద్దు. ఆ పనికి విలువుంది.

చివరిగా ఒక ప్రతిపాదన. మన ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబులో ఆరిఫిస్ మీటర్లు, మానోమీటర్లు ఏడాదికి ఆరు క్లాసులు పనిచేసి మిగతా రోజులు దుమ్ము కొట్టుకుంటున్నాయి. వాటికి ఒక బలమైన బ్లోయరు, చెక్కపెట్టె, సిలిండర్ అడాప్టరు కలిపితే పోల్చి చూడడానికి సరిపోయే ఫ్లో బెంచీ తయారవుతుంది. ఒక బ్యాచ్ మినీ ప్రాజెక్టుకు సరిగ్గా సరిపోయే పని. దాన్ని మన జట్టుకే దాచుకోకుండా ఊళ్లో మేస్త్రులకు కూడా తెరిచి పెడదాం. వాళ్ల హెడ్లు తెచ్చి కొలుచుకుంటారు, మనం వాళ్ల దగ్గర గ్రైండరు పట్టుకోవడం నేర్చుకుంటాం. కొలిచిన ప్రతి హెడ్డు వివరాలూ ఒక రిజిస్టరులో రాసి, జూనియర్లకు అప్పజెప్పి వెళ్దాం. ఈ సెమిస్టరులో పేర్లు ఇచ్చేవాళ్లుంటే ల్యాబు ఇన్‌చార్జి సారును అడిగే పూచీ నాది.